మందు పేల్చేవారికి తలనొప్పి ఎందుకు వస్తుంది?

ప్రకాశం జిల్లా నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరింది కనుక పెట్టడం లేదు. ఉత్తరం సారాంశం ఇది:

"డాక్టరు గారూ! మావారికి నలభై ఆరేళ్ళు. పాతికేళ్ళుగా కంకర క్వారీలో మందు పేల్చే పని. పనిలో చేరిన కొత్తల్లో విపరీతంగా తలనొప్పి వచ్చేదట. మా పెళ్ళయిన తర్వాత అది లేదు. మళ్ళీ మూడు నెలల నుంచి మొదలైంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల పగిలిపోతోందంటారు. అమృతాంజనం రాసుకుని పడుకుంటారు. కొన్నాళ్ళుగా సాయంత్రం పూట 'పుచ్చుకోవడం' కూడా మొదలుపెట్టారు, తలనొప్పికేనంటారు. చెవుల్లో హోరు అంటారు. పిలిస్తే పలకరు, గట్టిగా పిలిస్తే కోప్పడతారు. పొద్దున లేవగానే దగ్గు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని రోజూ బెల్లం ముక్క తింటారు. ఇది గుండెజబ్బా, బి.పి.యా, మెదడులో ఏమైనా ఉందా? ఇంకొక్క మాట. తీగలున్న వెండిరంగు గొట్టాలు నాలుగు అటక మీద డబ్బాలో పెట్టారు. మా చిన్నవాడికి ఆరేళ్ళు. వాటివల్ల ఏమైనా భయమా?"

నాలుగు పేజీల ఉత్తరంలో అన్నిటికంటే ముందు రాయవలసిన విషయం ఆఖరి వాక్యంలో ఉంది. దీనికి పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగడం మంచిది కాదని ఆ రోజే పోస్టులో జవాబు రాశాను. అయినా ఇలాంటి డబ్బాలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో తెలియదు కనుక ఇక్కడా మొదట దాని సంగతే చెబుతాను.

అమ్మా! ఆ గొట్టాలు డిటొనేటర్లు. పెద్ద మందును పేల్చడానికి పెట్టే చిన్న మందు అన్నమాట. రాతిలో కూరే మందుకంటే ఇవే సున్నితమైనవి. పెద్ద మందు చేతిలోంచి జారిపడినా సాధారణంగా పేలదు. డిటొనేటరుకు మాత్రం దెబ్బ తగిలినా, వేడి తగిలినా, తీగలు లాగినా చాలు. టార్చిలైటు సెల్లుకు ఆ రెండు తీగలూ తగిలించినా పేలుతుంది. ఆరేళ్ళ పిల్లవాడికి మెరిసే గొట్టం, తీగలు, పాత సెల్లు, ఈ మూడూ దొరికితే ఏం చేస్తాడో తల్లులకు నేను చెప్పక్కర్లేదు. దాని పరిమాణం చిటికెన వేలంతే. పట్టుకున్న చేతి వేళ్ళూ, దాన్ని వంగి చూస్తున్న కళ్ళూ, రెండూ పోతాయి. ఇలా వచ్చిన పిల్లల చేతులకు కట్టు కట్టిన ఏ డాక్టరూ ఆ దృశ్యం మరచిపోడు.

కాబట్టి మీరు ఆ డబ్బాను ముట్టుకోవద్దు. అటక ఎక్కవద్దు. పిల్లల్ని ఆ గదిలోకి పోనీయవద్దు. నూతిలో పడెయ్యడం, పెంటకుప్పలో పూడ్చడం, పొయ్యిలో వెయ్యడం, ఏదీ పనికిరాదు. మీ వారిచేతనే క్వారీలో లైసెన్సు ఉన్న బ్లాస్టరుకు గాని మేనేజరుకు గాని చెప్పించి, వాళ్ళు వచ్చి తీసుకుపోయేటట్టు చూడండి. వాళ్ళు పట్టించుకోకపోతే పోలీసు స్టేషనుకు కబురు చెయ్యాలి. ఇంట్లో దాచడం నేరమే. నిజమే. కాని మీ వారికి ఆ భయం ఎక్కువా, పిల్లవాడి చెయ్యి ఎక్కువా అని అడగండి. మిగిలిన సరుకును మ్యాగజైనులో, అంటే మందు నిలవచేసే గదిలో, లెక్క చూసి అప్పగించాలన్న నియమం ఉన్నది ఇందుకే.

ఇక తలనొప్పి సంగతి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ వారికి పాతికేళ్ళ కింద వచ్చిన తలనొప్పి వేరు, ఇప్పుడు వస్తున్నది వేరు అనిపిస్తోంది. రెండూ మందు వల్ల వచ్చినవే. దారులు మాత్రం వేరు.

1847లో ఇటలీలోని టూరిన్ నగరంలో సొబ్రేరో అనే రసాయన శాస్త్రవేత్త నైట్రోగ్లిజరిన్ అనే నూనెలాంటి ద్రవాన్ని తయారుచేశాడు. ఆ రోజుల్లో రసాయన శాస్త్రవేత్తలకు కనిపెట్టిన ప్రతిదాన్నీ నాలుకకు రాసి చూసే పాడు అలవాటు ఉండేది. ఆయన కూడా రవ్వంత నాలుకకు తగిలించాడు. అంతే, కణతలు అదురుతూ భయంకరమైన తలనొప్పి పట్టుకుంది. అది పేలుతుందన్న సంగతీ ఆయనకు తెలిసింది. దాన్ని వాడుకలోకి తేవడం మాత్రం స్వీడను దేశస్థుడు ఆల్‌ఫ్రెడ్ నోబెల్ వల్ల అయింది. ఆ ప్రయత్నంలో 1864లో జరిగిన పేలుడులో అతని తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. తర్వాత ఆ నూనెను ఒకరకం మెత్తని మట్టిలో ఇంకించి, ముద్ద చేసి, 1867లో డైనమైట్ అనే పేరుతో పేటెంటు తీసుకున్నాడు. మన క్వారీల్లో చాలాకాలం వాడిన జిలెటిన్ కడ్డీలు కూడా ఆ వంశానివే.

ఈ నైట్రోగ్లిజరిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. కడ్డీని వట్టి చేత్తో పట్టుకున్నా చాలు. దాని ఆవిరి పీల్చినా చాలు. ఒంట్లోకి పోయి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. తలలో నాళాలు ఉబ్బి, గుండె కొట్టుకున్నప్పుడల్లా సుత్తితో మోదినట్టు నొప్పి వస్తుంది. అలాంటప్పుడు సారా పుచ్చుకుంటే నాళాలు ఇంకా సడలి, తలనొప్పి పెరిగి, కళ్ళు తిరిగి పడిపోవచ్చు.

వింత ఏమిటంటే, రోజూ ముట్టుకుంటూ ఉంటే రెండుమూడు రోజుల్లో శరీరం దానికి అలవాటు పడుతుంది. నొప్పి పోతుంది. ఆదివారం సెలవు వచ్చిందా, ఆ అలవాటు తప్పిపోతుంది. సోమవారం పనిలోకి వెళ్ళగానే మళ్ళీ తల పగిలిపోతుంది. అందుకనే విదేశాల్లో మందు ఫ్యాక్టరీల కార్మికులు దీన్ని సోమవారం జబ్బు అనేవారు. కొందరు గడుసువాళ్ళు ఈ బాధ తప్పించుకోవడానికి ఆదివారం కూడా టోపీ పట్టీలో కాస్త మందు పూసుకుని తిరిగేవారట!

నవ్వు వచ్చే సంగతే గాని, దీని వెనుక ఒక పెద్ద ప్రమాదం ఉంది. వారమంతా మందు వల్ల వెడల్పుగా ఉన్న గుండె నాళాలు, ఆ మందు అందని సెలవురోజున ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. అప్పుడు గుండెనొప్పి వస్తుంది. సెలవురోజున గాని, సోమవారం పొద్దున పనిలోకి వెళ్ళకముందు గాని హఠాత్తుగా చనిపోయిన కార్మికుల సంగతులు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. గుండె నాళాలలో ఏ అడ్డమూ లేని వయసు కుర్రవాళ్ళు కూడా వారిలో ఉన్నారు.

అదే పదార్థం గుండెనొప్పికి మందు కూడా. 1879లో లండన్‌లో మరెల్ అనే వైద్యుడు అతి స్వల్పమైన మోతాదులో ఇచ్చి గుండెనొప్పి తగ్గించవచ్చని ప్రకటించాడు. ఈనాటికీ నాలుక కింద పెట్టుకునే మాత్రలలో ఇది గాని, దీని దగ్గర బంధువు గాని ఉంటుంది. ఆ మాత్ర వేసుకున్నవారికి తల దిమ్మెక్కేది కూడా ఇందుకే. మాత్ర పేలుతుందని ఎవరూ భయపడనక్కర్లేదు, అందులో ఉండేది మిల్లీగ్రాము లెక్కలోనే. నోబెల్‌కు చివరి రోజుల్లో గుండెజబ్బు వస్తే వైద్యులు ఇదే రాసిచ్చారు. ప్రజలు జడుసుకోకుండా దానికి వేరే పేరు పెట్టారని ఆయన మిత్రుడికి ఉత్తరంలో వేళాకోళంగా రాశాడు. 1896లో పోయాడు. ఆ మందు ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుగా మారి నాళాలను సడలిస్తుందన్న రహస్యం చాలా ఆలస్యంగా తెలిసింది. నైట్రిక్ ఆక్సైడ్ మీద పనిచేసిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతే వచ్చింది!

మన దేశంలో నైట్రోగ్లిజరిన్ ఉన్న పేలుడు మందులను 2004లో నిషేధించారు. ఇప్పుడు క్వారీల్లో వాడేవి అమ్మోనియం నైట్రేటుతో చేసిన ముద్ద మందులు. జనం అలవాటు కొద్దీ వీటినీ జిలెటిన్ అనే పిలుస్తున్నారు. పేరు అదే గాని సరుకు వేరు. మీ వారు పనిలో చేరింది ఆ పాత మందు ఉన్న రోజుల్లో కనుక కొత్తల్లో వచ్చింది ఈ తలనొప్పే అయి ఉంటుంది. అలవాటు పడ్డాక పోయింది. తర్వాత మందే మారింది.

మరి ఇప్పటిది? మీ ఉత్తరం మూడో పేజీలో, వేరే సందర్భంలో మీరు రాసిన ఒక మాట నా దృష్టిలో పడింది. "ఇప్పుడు గొయ్యి బాగా లోతుకు పోయిందట, రోజుకు రెండుసార్లు పేలుస్తున్నారట, పొక్లెయిన్ వాళ్ళు తొందరపెడుతున్నారట" అని. జబ్బుకు కారణం ఇక్కడుందని నా అనుమానం.

ఏ మందు పేలినా పొగ వస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి ఇది ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. మైదానంలో గాలి వీస్తుంటే పొగ చెదిరిపోతుంది. లోతు గోతిలో నిలిచిపోతుంది. పగిలిన రాళ్ళ సందుల్లో దాగి, రాళ్ళు కదిలించినప్పుడు బయటికి వస్తుంది. పేలిన అయిదు నిమిషాలకే దిగి పేలని గుంటలు చూసేవాడికి సాయంత్రం తలనొప్పి రాక ఏమవుతుంది?

తేల్చుకునే ఉపాయం ఒకటుంది. ఒక వారం రోజులు చిన్న పుస్తకంలో రాసి పెట్టండి. తలనొప్పి మందు కూరేటప్పుడు వస్తోందా, పేల్చి గోతిలోకి దిగిన తర్వాత వస్తోందా? సెలవురోజున ఉందా, లేదా? దిగిన తర్వాతే వచ్చి, సెలవునాడు లేకపోతే పొగను అనుమానించాలి. సెలవునాడు కూడా ఉంటే బి.పి. చూపించాలి, కళ్ళు పరీక్ష చేయించాలి. ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసినా తలనొప్పి వస్తుంది, అది మరిచిపోవద్దు. మెదడులో గడ్డ అని మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు. కాని నొప్పి తెల్లవారుజామున ఎక్కువై వాంతులవుతున్నా, చూపు మసకబారినా, ఒక పక్క చెయ్యి, కాలు బలహీనపడినా ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈ పొగ సంగతి క్వారీల కంటే నూతుల దగ్గర మరీ దారుణం. రాయలసీమలోనూ, ప్రకాశం మెట్ట ప్రాంతాల్లోనూ బావి లోతు చేసేటప్పుడు అడుగున రాయి తగిలితే మందు పెట్టి పేలుస్తారు. యాభై అరవై అడుగుల బావిలో గాలి ఎక్కడాడుతుంది? పొగ కనిపించడం లేదుగదా అని ఒకడు దిగుతాడు, పడిపోతాడు. వాణ్ణి పైకి తేవడానికి అన్నో బావమరిదో దిగుతాడు. వాడూ పడిపోతాడు. మూడోవాడు... ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం.

బావిలోకి దీపం దింపి, ఆరకపోతే గాలి మంచిదేనని మన పెద్దవాళ్ళు చెబుతారు. ప్రాణవాయువు తక్కువైతే దీపం ఆరుతుంది, అంతవరకు నిజమే. కాని మందు పేల్చిన బావిలో ఆ పరీక్షను నమ్మవద్దు. మనిషిని చంపేటంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది! వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించడం ఏమీ చెయ్యకపోవడం కంటే మేలే గాని అదీ చాలదు. కంప్రెసరు గొట్టంతో గాని, గాలి పంకాతో గాని అడుగుదాకా గాలి కొట్టించాలి. ఆ రోజుకు పని ఆపి మర్నాడు, అదీ గాలి కొట్టించాకే దిగడం మంచిది. దిగేవాడి చంకల కింద తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకోవాలి. పడిపోతే తాడుతోనే లాగాలి, ఇంకొకడు దిగకూడదు. పైకి తెచ్చాక గాలి తగిలేచోట పడుకోబెట్టి, ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి ఊదుతూ 108కి ఫోను చెయ్యాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు, మజ్జిగ, ఉల్లిరసం వంటివి పొయ్యకూడదు. తేరుకున్నా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించి తీరాలి.

పొగ నారింజ రంగులో గాని, ఎర్ర మట్టి రంగులో గాని లేచిందంటే అందులో నైట్రోజన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉందని అర్థం. మందు తడిసినా, సరిగా కలవకపోయినా ఇలా అవుతుంది. దీని మోసం ఎలాంటిదంటే, పీల్చినప్పుడు కాస్త దగ్గు, కళ్ళ మంట. అంతే. మనిషి ఇంటికి వచ్చి స్నానం చేసి అన్నం తిని పడుకుంటాడు. ఏ అర్ధరాత్రో, మర్నాడో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం, నురగ. కనుక ఆ రంగు పొగ మింగినవాడు బాగానే ఉన్నా ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఎందుకు వచ్చాడో నోరు విప్పి చెప్పాలి. చెప్పకపోతే డాక్టరు ఆస్తమా అనుకుని సూది వేసి పంపేస్తాడు. మా వాళ్ళలోనూ "మీరేం పని చేస్తారు?" అని అడిగేవారు తక్కువే.

చెవుల హోరుకు మీ వారు పేలుడును తిట్టుకుంటున్నారేమో. పేలుడు రోజుకు రెండుసార్లు, అదీ దూరం నుంచి. అసలు దొంగ జాక్‌హామరు. గంటల తరబడి దాని పక్కన నిలబడితే లోపలి చెవిలో సన్నని రోమకణాలు చచ్చిపోతాయి. అవి మళ్ళీ మొలవవు. మొదట సన్నని ధ్వనులు వినిపించవు. అందుకే ఆడవాళ్ళ మాట, పిల్లల మాట వినపడదు, లారీ చప్పుడు మాత్రం వినపడుతుంది. ఆయన పలకకపోవడం పొగరు కాదమ్మా, చెవుడు. ఎదురుగా వెళ్ళి మాట్లాడండి. పోయిన వినికిడి తిరిగి రాదు గాని ఉన్నది కాపాడుకోవచ్చు. దూది పెట్టుకుంటే లాభం లేదు, ఇయర్ ప్లగ్గులు గాని, చెవి డిప్పలు గాని వాడాలి. ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. దగ్గరలో పేలి చెవిలోంచి రక్తం వచ్చినవారు మాత్రం వెల్లుల్లి నూనె, ఆముదం పొయ్యకూడదు. కర్ణభేరి చిల్లుపడి ఉంటే నూనెతోపాటు చీము కూడా లోపలికి పోతుంది.

బెల్లం గురించి. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ ఎక్కడా కలుసుకోవు. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనిపించని సన్న దుమ్మే లోపలికి దిగి ఊపిరితిత్తిని గట్టిపరుస్తుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. నయంచేసే మందు లేదు. పైగా ఇది ఉన్నవారికి క్షయ తొందరగా పట్టుకుంటుంది. రెండు వారాలు మించి దగ్గు ఉన్నది కనుక మీ వారికి కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. కళ్ళె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. తువ్వాలు కట్టుకుంటే చాలదు, సన్న దుమ్మును ఆపే మాస్కు కావాలి. అంతకంటే ముఖ్యం డ్రిల్లు చేసేటప్పుడు నీళ్ళు పొయ్యడం. నీళ్ళు పోస్తే పని నిదానమవుతుందని మేస్త్రీలు ఒప్పుకోరు. అడగండి. కార్మికులకు వైద్యపరీక్షలు చేయించే బాధ్యత గని యజమానిదే. బీడీ ఉంటే ఈరోజే మానాలి.

గాయాల విషయంలో రెండు ముక్కలు. కంట్లో రాతిముక్క గుచ్చుకుంటే పీకవద్దు, నలపవద్దు, చనుబాలు పిండవద్దు. శుభ్రమైన కాగితం గ్లాసు బోర్లించి కట్టి కళ్ళాసుపత్రికి పరుగెత్తండి. వేలు తెగి పడితే గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి, కాఫీపొడి, సున్నం అద్దవద్దు. తెగిన వేలిని తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసులో ఉంచి తీసుకువెళ్ళాలి. వేలికి నేరుగా ఐసు తగలకూడదు. దగ్గరలో పేలుడుకు గురైనవాడి ఒంటిమీద గాయం లేకపోయినా ఆయాసం, కడుపునొప్పి ఉంటే ఇంటికి పంపవద్దు. గాలి దెబ్బకు లోపల ఊపిరితిత్తులు, పేగులు చితికి ఉండవచ్చు.

2021 మే నెలలో కడప జిల్లా మామిళ్ళపల్లె ముగ్గురాళ్ళ గని దగ్గర వాహనంలోంచి మందు దించుతుండగా పేలి పలువురు కూలీలు చనిపోయారు. రాయి పగలగొట్టేటప్పుడు కాదు, బరువు దించేటప్పుడు. పుచ్చుకుని పనిలోకి వెళ్ళే మనిషికి ఈ సంగతి మీరే గుర్తుచెయ్యాలి. తలనొప్పి పుస్తకం రాయడం మొదలుపెట్టిన తర్వాత సారా అవసరం ఉన్నదీ లేనిదీ ఆయనకే తెలుస్తుంది. మందు పేల్చిన తర్వాత గోతిలోని పొగ పూర్తిగా పోయేదాకా, ఒత్తి వెలిగించి పేల్చినదైతే పేలని గుంట ఉన్నప్పుడు కనీసం అరగంట దాటేదాకా, ఎవరు తొందరపెట్టినా దిగనని చెప్పమనండి.

ఎక్స్‌రే ఫిల్ము, చెవి పరీక్ష కాగితం, వారం రోజుల తలనొప్పి లెక్క, ఈ మూడూ చేతికి వచ్చాక నాకు మళ్ళీ రాయండి. అటక మీది డబ్బా వెళ్ళిపోయిన సంగతి మాత్రం అంతకంటే ముందే ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి.